సిస్టర్ సుగుణమ్మ ల్యాప్‌టాప్ ఎందుకు ఆగిపోయేది

ముందే చెప్పేస్తాను. ఇరవై తొమ్మిదేళ్లు కంప్యూటర్లు బాగుచేసి బతికాను గానీ, అవి ఎందుకు చెడిపోతాయో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు "అంకుల్, మెషిన్ ఆగిపోయి నీలి తెర వస్తే ముందుగాల ఏం చెయ్యాలె?" అని అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతాను. తెలుసని అనుకున్నది కూడా చెబుతాను. ఆ రెండింటికీ తేడా ఒక్కోసారి నాకే దొరకదు. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. నాకొచ్చినవి రెండే, అవీ ఎందుకిచ్చారో తెలియదు.

నా పేరు దేవదానం, మాది సిర్గాపూర్. హైదరాబాద్‌లోని ఒక మెయింటెనెన్స్ కంపెనీ నన్ను నారాయణఖేడ్‌లో పెట్టింది. ఖేడ్, కంగ్టి, కల్హేర్, సిర్గాపూర్‌లలోని ఆఫీసులు, బడులు, దవాఖానల కంప్యూటర్లన్నీ నేనొక్కణ్ణే చూడాలి. ఒక సంచి, ఒక బండి, స్క్రూడ్రైవర్ల పెట్టె. ఎక్కడికి పోయినా ఒకే మాట వినిపించేది: "సార్ వచ్చిండు, ఇగ అయిపాయె." అయిపోయేది కాదు. చాలాసార్లు అప్పుడే మొదలయ్యేది.

రెండేస్తేనే వేసినట్టు

మా దగ్గర ఒక అలవాటుంది. దవాఖానకు పోయినవాళ్లకు గోలీలు రాసిచ్చి పంపితే తృప్తి ఉండదు. సూది వేయాలి. సూది వేయని డాక్టరును డాక్టరని ఒప్పుకోరు, బయటికొచ్చి "ఏం జూసిండు, ఉత్తగ నాడి పట్టి పంపిండు" అంటారు. గోలీలూ కావాలి, సూదీ కావాలి.

ఈ పద్ధతి మెల్లగా కంప్యూటర్లకు కూడా వచ్చింది. కంగ్టి వైపు ఒక బడిలో మెషిన్‌కు యాంటీవైరస్ వేసి నేను లేవబోతుంటే హెడ్మాస్టరు ఆపాడు.

"ఒక్కటే ఏసినవా? ఇంకోటి గూడ ఎయ్యి."

"రెండేస్తె కొట్లాడుకుంటయ్ సార్."

"ఎందుకు కొట్లాడుకుంటయ్? రెండూ మందులే గదా. ఒకదానికి దొరకనిది ఇంకోదానికి దొరుకుతది."

ఎలా చెప్పాలి ఆయనకు? యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తెరవకముందే ఆపి తనిఖీ చేస్తుంది. రెండుంటే ఒకటి పట్టుకున్న ఫైలును ఇంకొకటి లాగుతుంది. ఒకదాన్ని చూసి ఇంకొకటి దొంగ అనుకుంటుంది. చెప్పాను. ఆయన విని, మా మేనేజరుకు ఫోన్ చేసి, ఈ మనిషికి పని రాదు, ఇంకొకరిని పంపండన్నాడు. మేనేజర్ రజాక్ సాబ్ మంచివాడే గానీ, ఆయనకు కంప్లైంటు మూసేయడం ఒక్కటే కావాలి. "అరే దేవదానం, అడిగింది ఏసెయ్ భాయ్. ఫ్రీగ దొరికేదే గదా. ఆయన దిల్ ఖుష్, మన కాల్ క్లోజ్" అన్నాడు.

వేశాను. హెడ్మాస్టరు సంతోషపడ్డాడు. మెషిన్ ఎడ్లబండిలా నడవడం మొదలుపెడితే, లోపల రెండూ కష్టపడి పనిచేస్తున్నాయని ఇంకా సంతోషపడ్డాడు. తర్వాత తర్వాత ఎవరూ అడగకముందే నేనే రెండోది కూడా వేసేయడం మొదలుపెట్టాను. ఏడాదికోసారి తనిఖీకి వెళ్లినప్పుడు దుమ్ము తుడవడం ఎంతో ఇదీ అంతే. తప్పని తెలిసీ వేశానా అంటే, ఆ సమయానికి తెలుసు అనే సంగతి కూడా మరిచిపోయాను. ఇదెలా సాధ్యమని అడగకండి, నాకూ అర్థం కాదు.

మంగళవారం క్లినిక్

ఖేడ్‌లో ఒక ట్రస్టు దవాఖాన ఉంది. అందులో ప్రతి మంగళవారం ఫిట్స్ రోగులకు క్లినిక్ నడిచేది. హైదరాబాద్ నుంచి డాక్టరు నెలకోసారి వచ్చేవాడు, మిగతా మంగళవారాలన్నీ సిస్టర్ సుగుణమ్మవే. ఆమెది కల్హేర్, నాకంటే రెండేళ్లు పెద్ద, నన్ను తమ్మీ అనేది. ఆ క్లినిక్‌ను మొదలుపెట్టిందే ఆమె. ఎవరికి ఏ గోలీ, ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా ఫిట్స్ రాలేదు, అంతా ల్యాప్‌టాప్‌లో పెట్టింది. యాభై దాటాక రెండు వేళ్లతో టైపు నేర్చుకుంది.

మా వైపు జనం పనికి ఊరు వదిలిపోతారు. కొందరు హైదరాబాద్‌లో కట్టడాల మీదికి, కొందరు చెరకు నరకడానికి కర్ణాటక దిక్కుకు. పోయేముందు ప్రతి రోగికీ సుగుణమ్మ ఒక కాగితం ప్రింటు తీసి ఇచ్చేది. ఎక్కడ పడిపోయినా అక్కడి డాక్టరుకు చూపిస్తే చాలు. ఆ కాగితాల కోసం దసరా ముందర దవాఖాన వరండా నిండిపోయేది. సూది కావాలని మొండికేసిన వాళ్లను ఆమె తిట్టే తిట్లు గేటు దాకా వినబడేవి.

"సూదెందుకే నీకు? గోలీలు మింగు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. ఒక్క దినం ఇడిసిపెట్టినవంటే మల్ల పొయ్యిల పడ్తవ్, నాకేం ఎరుక లేదు!"

ఆ ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటే క్లినిక్ వాళ్లది. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత జరిగినదంతా ఈ ఒక్క సంగతి మీదే నడిచింది.

ఏది పట్టుకుంటే అది కాదు

నాలుగేళ్ల కింద, సరిగ్గా దసరా ముందర ఆ ల్యాప్‌టాప్ నీలి తెర వేసి ఆగిపోవడం మొదలైంది. సుగుణమ్మ ఫోన్ చేసింది.

"తమ్మీ, జల్దీ రా. నడుస్తుంటె నడుస్తుంటె నీలం అయితుంది. ఏదో ఇంగ్లీషుల రాసి, మల్ల తనంతల తనే షురువైతుంది. ఈడ ముప్పై మంది కూసున్నరు, పరేషానైతున్న."

పోయాను. మెమరీ చిప్ తీసి తుడిచి పెట్టాను. నడిచింది. ధైర్యంగా చాయ్ తాగి వచ్చాను. వచ్చే మంగళవారం మళ్లీ ఆగింది. కొత్త మెమరీ వేశాను. బుధ, గురు, శుక్ర బ్రహ్మాండం. మంగళవారం మళ్లీ నీలం. ఫ్యాను దుమ్ము దులిపాను, చార్జర్ మార్చాను, కరెంటు ఎక్కువ తక్కువవుతోందని స్టెబిలైజర్ పెట్టించాను. ప్రతిదీ ఒక్కో వారం పనిచేసినట్టే ఉండేది. చివరికి మంగళవారమే ఎందుకు అన్న ప్రశ్న నా బుర్ర తినేసింది. మంగళవారం ల్యాప్‌టాప్‌ను వేరే గదిలోకి కూడా మార్పించాను, నవ్వితే నవ్వండి. దవాఖాన కాంపౌండరు "దిష్టి తగిలింది సార్, నిమ్మకాయ గట్టుండ్రి" అన్నాడు. ఆ రోజు ఎవరూ చూడకపోతే కట్టేవాణ్ణే.

మంగళవారం కారణం తర్వాత తెలిసింది, చాలా మామూలుది. మిగతా రోజుల్లో ఆమె ఒకటో రెండో ఫైళ్లు తెరిచేది. మంగళవారం గబగబా ముప్పై నలభై తెరిచేది.

ఇంకో వారం గడిచేసరికి నీలి తెర పోయి కొత్తది వచ్చింది. మెషిన్ వెలిగీ వెలగకముందే ఒక పెద్ద సంఖ్య అడిగి కూర్చుంది. నలభై ఎనిమిది అంకెలట. నేనెప్పుడూ పెట్టని తాళం అది. హైదరాబాద్‌లోని ట్రస్టు హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి ఐటీ ఆఫీసరు ప్రణీత్ తీరిగ్గా చెప్పాడు. ఇంకెక్కడో ఎవరో ఒక ల్యాప్‌టాప్‌ను బస్సులో మరిచిపోతే రోగుల పేర్లన్నీ బయటపడ్డాయట. అందుకని రెండు నెలల కింద అన్ని ల్యాప్‌టాప్‌ల డిస్కులకూ ఇంటర్నెట్ మీదుగానే తాళం వేశారట. డిస్కు మీది ప్రతి అక్షరం తెలియని భాషలా మారిపోతుంది, అసలు మనిషి తెరిస్తేనే తిరిగి మామూలవుతుంది. మెషిన్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఆ తాళానికి అనుమానం వచ్చి నంబరు అడుగుతుందట.

"నాకెవరూ చెప్పలేదు సార్" అన్నాను.

"మేడమ్‌కు మెయిల్ పెట్టాం. ఆ నంబరు కూడా అందులోనే ఉంది."

సుగుణమ్మను అడిగాను. "మెయిలా? గది గీ ల్యాప్‌టాప్‌లనే తెరుస్త గదా తమ్మీ" అంది.

తాళం చెవి పెట్టెలోనే పెట్టి పెట్టెకు తాళం వేశారన్నమాట. ప్రణీత్ ఫోన్లో అంకెలు చదివాడు, మధ్యలో సిగ్నల్ పోయింది, మళ్లీ మొదటి నుంచి చదివాడు, మూడోసారికి తెరుచుకుంది. రోగుల పట్టిక క్షేమంగా ఉంది. సుగుణమ్మ "స్తోత్రం ప్రభువా" అని కుర్చీలో కూలబడింది. అప్పటికే ఊరు వదిలిపోతున్న వాళ్లకు ఆమె తన జ్ఞాపకం మీద చేత్తో రాసిచ్చింది. అందులో ఏదైనా తప్పు పోయిందా అని నెల రోజులు నిద్రపోలేదు.

పట్టికను వేరే చోటికి ఎక్కించాక తీరిగ్గా లోపల చూశాను. రెండు యాంటీవైరస్‌లున్నాయి. ఖేడ్‌లో అది వింతేం కాదు కాబట్టి ఎవరు వేశారని ఆలోచించనే లేదు. ఒక్క తలుపు దగ్గర ముగ్గురు కావలివాళ్లు నిలబడ్డట్టుంది సంగతి. డిస్కు తాళం ఫైలును విప్పుతుంటే ఆ ఇద్దరూ చెరో చేయీ పట్టుకుని లాగుతున్నారు. మొదట ట్రస్టు ఇచ్చిన యాంటీవైరస్ తీశాను, మళ్లీ నీలి తెర వచ్చింది. అది వేసి రెండోది తీశాను, మళ్లీ వచ్చింది. తీసేసినా దాని ముక్క ఒకటి లోపల మిగిలి ఉందని తర్వాత తెలిసింది. అది కూడా పీకి, ట్రస్టు ఇచ్చినదాన్ని ఇంకోసారి తీసి వేస్తే నడిచింది. ఎందుకు నడిచిందో చెప్పమని ముగ్గురి హెల్ప్‌లైన్లకూ ఫోన్ చేశాను. మొదటి యాంటీవైరస్ వాళ్లు తాళం తప్పన్నారు, తాళం వాళ్లు రెండో యాంటీవైరస్ తప్పన్నారు, రెండోవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ తప్పన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరు నిజం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలూ, మీకూ ఇలాగే చెబుతారు.

పదకొండు నలభై

ల్యాప్‌టాప్ నడిచింది గానీ విషయం అక్కడితో ఆగలేదు. దవాఖాన మెషిన్‌లో అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఎవరు వేశారని హెడ్డాఫీసు విచారణ పెట్టింది. ప్రణీతే వచ్చాడు. సుగుణమ్మను, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తెర మా వైపు తిప్పాడు.

"మేడమ్, ఈ రెండో యాంటీవైరస్ మీ లాగిన్‌తోనే పడింది. చూడండి, తారీఖు ఇదిగో, మంగళవారం, పొద్దున పదకొండు నలభై."

సుగుణమ్మ అద్దాలు సర్దుకుని తెర వైపు చాలాసేపు చూసింది. అక్కడేముందో ఆమెకు అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది.

"నేనే ఏదో ఒత్తి ఉంట సార్. తెర మీద డబ్బాలొస్తయ్, అవునా కాదా అంటయ్. ఎన్కకు జనం లొల్లి చేస్తుంటే నేను అవునని ఒత్తుత. నాకు తెల్వకనే అయి ఉంటది."

"దేవదానం గారూ, మీరేమంటారు?"

 ఆ మంగళవారం నేను ఏడాది తనిఖీకి వచ్చాను కదా? ఆమె తన పాస్‌వర్డ్ కొట్టి, "జర చూస్తుండు తమ్మీ, సూది ఏసొస్త" అని లేచిపోలేదా? లేక అది పక్క గది మెషినా? నిజంగానే గుర్తు రాలేదు. గుర్తు రావద్దని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయంటే చెప్పలేను.

"కచ్చితంగ చెప్పలేం సార్" అన్నాను.

ఇంటికి పోయి పాత కాల్ స్లిప్పుల, అంటే పని అయ్యాక సంతకం తీసుకునే చీటీల, కట్ట విప్పాను. అదే మంగళవారం. దవాఖాన, వార్షిక తనిఖీ, పని ముగిసిన సమయం పన్నెండు. కింద సుగుణమ్మ సంతకం. ఆ మెషినే. ఆమె అడగలేదు, హెడ్మాస్టరు అడగలేదు, ఎవరూ అడగలేదు. నా చెయ్యే వేసింది.

రజాక్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన "ఛోడో దేవదానం, ఇడిసిపెట్టు. నీకు రిటైర్మెంట్ రెండేండ్లే ఉంది. గా దవాఖాన కాంట్రాక్టు పోతే ఇంకో నలుగురి నౌకరీ పోతది. రిపోర్టుల కారణం తెల్వలేదని రాయి. అబద్ధం గాదు గదా అది?" అన్నాడు.

అక్కడే నన్ను పట్టుకున్నాడు. అబద్ధం కాదు. ముగ్గురు కంపెనీవాళ్లు చెప్పలేకపోయిన కారణం నాకేం తెలుసు? నేను రాసింది ఇది: "కచ్చితమైన కారణం నిర్ధారణ కాలేదు. యూజర్ పొరపాటు అయి ఉండవచ్చు." మొదటి వాక్యం నిజమే. రెండోది ఎందుకు రాశాను? ఎవరూ రాయమనలేదు. రజాక్ సాబ్ కూడా అనలేదు. నాలుగేళ్లుగా ఇది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఒక్క వాక్యంతో ల్యాప్‌టాప్‌ను సుగుణమ్మ చేతిలోంచి తీసుకున్నారు. హైదరాబాద్ నుంచి ఒక ఆపరేటర్ వచ్చింది, క్లినిక్ ఆమెకు పోయింది. సుగుణమ్మను సూదుల గదిలో వేశారు. సూది వద్దని జనాన్ని తిట్టిన మనిషి పొద్దంతా సూదులు వేస్తూ కూర్చుంది. నేను దవాఖానకు పోయినప్పుడల్లా ఆ గది తలుపు దగ్గర ఆపేది.

"తమ్మీ, సచ్ చెప్పు. నేనేం ఒత్తిన ఆ దినం?"

"ఏం లేదు సిస్టరమ్మా. మెషిన్లు గట్లనే ఉంటయ్."

"ఏదో ఒత్తే ఉంట. లేకపోతే గట్లెందుకైతది?"

మీకు చెప్పదలచుకున్నది

నీలి తెర వస్తే ముందు ఏం చేయాలని అడిగారు కదా. కొత్తగా ఏం వేశారో చూడండి. దాన్ని వేసింది మీరేనేమో అదీ చూడండి. డిస్కుకు తాళం ఉంటే ముందు ఆ నంబరు ఎక్కడుందో కనుక్కుని, తర్వాతే చెయ్యి పెట్టండి. ఒక్క మెషిన్‌కు ఒక్క యాంటీవైరస్ చాలు, హెడ్మాస్టరు ఎంత అరిచినా సరే. ఇంత వరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. "యూజర్ పొరపాటు" అని రాసేముందు ఆ యూజర్ ముఖం ఒక్కసారి చూసి రావాలని మాత్రం నాకు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. మన పనిలో ఆ మాట చాలా సులువుగా వస్తుంది, అవతలి వాళ్లు తిరిగి ఒక్క మాట అనలేరు కాబట్టి.

కల్హేర్

నేను రిటైరై రెండేళ్లు దాటింది, సుగుణమ్మ నాకంటే ముందే రిటైరైంది. మొన్న అంగడి రోజున కల్హేర్ పోయాను. ఆమె ఇంటి ముందు అరుగు మీద చాటలో పప్పు ఏరుతూ కూర్చుంది. నన్ను చూసి సంతోషపడి, చాయ్ పెడతానని లేవబోయింది. కూర్చోమన్నాను. మంగళవారం, పాస్‌వర్డ్, కాల్ స్లిప్పు, రిపోర్టు, అన్నీ వరుసగా చెప్పేశాను. ఆమె చేయి చాటలోనే ఆగిపోయింది.

"అంటే నేనేం ఒత్తలే?"

"ఏం ఒత్తలే సిస్టరమ్మా. నేనే ఏసిన."

"గా మాట ఆ దినమే అంటే నీదేం పోతుండె?"

"భయపడ్డ. రిటైర్మెంట్ దగ్గరుండె."

"నాకు లేకుండెనా?"

ఆమె చాట పక్కకు తోసేసింది. 

"నాలుగేండ్లు తమ్మీ! ఫోన్ల ఏదన్న డబ్బా వస్తే నాకు చెయ్యి ఆడదు. జహీరాబాద్ నుంచి నా బిడ్డ పిల్లల ఫొటోలు పంపుతది. నేను ముట్టుకుంటె ఖరాబైతదని పక్కింటామెను పిలిచి తెరిపిచ్చుకుంట. అందరు నవ్వుతరు. నేనూ నవ్వుత. ఎందుకంటే నేనే ఖరాబ్ చేసిన్నని నాకు పక్కా ఉండె."

లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. ఇక పొమ్మంటుందేమోనని చెప్పులు వేసుకున్నాను. అప్పుడు బయటికొచ్చి నా ముందు ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టింది.

"రాయి."

అరుగు మీదే కూర్చుని రాశాను. దవాఖాన ల్యాప్‌టాప్‌లో రెండో యాంటీవైరస్ వేసింది నేనేనని, అది సిస్టర్ సుగుణమ్మకు తెలియదని, ఆమె ఏ పొరపాటూ చేయలేదని. కింద సంతకం పెట్టాను. ఆమె అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"'అయి ఉండవచ్చు' అని యాడ రాయలే గదా?"

"లేదు సిస్టరమ్మా."

"తారీఖు ఎయ్యి."

పెన్ను పట్టుకుని ఆగిపోయాను. "ఏ తారీఖు వెయ్యాలె? ఆనాటిదా?"

"ఆ దినం రాయలే గదా నువ్వు" అంది. "ఇయ్యాల్టిదే ఎయ్యి."